రెండంగుళాలకు ఆరుగురు ఉద్యోగులు

మా రాయవరపుకోట పురపాలక సంఘం అంటే నాకు ఎనలేని గౌరవం. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తర్వాత చెప్పబోయేది విన్నాక కొందరికి అనుమానం రావచ్చు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన వాణ్ణి. కిలో రాయి కిలో ఉందా లేదా అని చూశాను గాని, కిలో అంతే ఎందుకుండాలని ఏనాడూ ఎవర్నీ అడగలేదు. ఉత్తర్వు వస్తే పాటిస్తాను. అర్థమైతే సంతోషిస్తాను, కాకపోతే ఇంకా ఎక్కువ గౌరవిస్తాను.

ఆ ఏడు మా ఊరికి ఖాళీ పిచ్చి పట్టుకుంది. ఎక్కడో పైవాళ్లు "ఖాళీ వీధుల పట్టణాలు" అని ఒక పోటీ పెట్టారు. ఏ ఊళ్లో వీధులు ఎంత ఖాళీగా కనిపిస్తే ఆ ఊరికి అంత పెద్ద ర్యాంకు. మా కమిషనరు భాస్కరానందం గారు కొత్తగా వచ్చారు. మొదటి ర్యాంకు కొట్టకపోతే ఈ ఊళ్లో మంచినీళ్లు కూడా ముట్టనన్నారు. అప్పటికే ఆయన మా కుళాయి నీళ్లు ఒకసారి చూసి ఉన్నారు కాబట్టి ఆ శపథం ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు.

మొదట తోపుడు బళ్లు పోయాయి. తర్వాత అరుగుల మీద కూర్చునే ముసలాళ్లను లోపలికి పంపించారు. కుక్కల్ని లారీలో ఎక్కించి పదిమైళ్ల అవతల వదిలితే అవి మధ్యాహ్నం భోజనాల వేళకి నడిచి వచ్చేశాయి. గోడల నిండా "వీధి ఖాళీ, ఊరు హాయి" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ అక్షరాల వల్ల వీధి నిండుగా కనిపిస్తోందని ఎవరో అంటే, వాటి మీద సున్నం కొట్టించారు. ఆ తర్వాత వచ్చింది వాహనాల వంతు.

"పట్టణ పరిధిలోని ప్రతి వాహనమును, ప్రయాణములో లేని సమయమున, యజమాని గ్యారేజీనందు ఉంచి, షట్టరు క్రిందికి దించి, తాళము వేయవలెను. అట్లు చేయని పక్షమున సదరు వాహనము జప్తు చేయబడి, వేలము వేయబడును." ఇదీ ఉత్తర్వు. పది రోజులు గడువు.

ఈ కాగితం మా గేటుకు అంటించిన రోజునే మా ఆవిడ ట్రెయిలరు ఇంటికొచ్చింది.

మా ఆవిడ పేరు మంగతాయారు. బాలికల పాఠశాలలో కుట్టుపని టీచరుగా చేసి, నా తర్వాత రెండేళ్లకు రిటైరైంది. రిటైరైన నెలలోనే కారు నడపడం నేర్చుకుని, మూడో నెలలో నాకు చెప్పకుండా వీర్రాజు షెడ్డుకెళ్లింది. వీర్రాజు లారీలకూ వ్యాన్లకూ బాడీలు కట్టే మేస్త్రీ. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే చిన్న బండి కట్టమందిట. లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, రాత్రికి అవే పడకలు, మూలన గ్యాసు పొయ్యి, రెండు కిటికీలు, నెత్తిన గాలి పోయేందుకు ఒక రేకు టోపీ. రంగు చిలకాకుపచ్చ. కర్టెన్లు తనే కుట్టుకుంది.

"ఇదెందుకే?" అన్నాను.

"మారేడుమిల్లి కొండల్లోకెళ్లి పడుకోడానికండీ," అంది. "పుట్టి బుద్ధెరిగాక నేను ఊరు కదిలిందల్లా ఎవరి పెళ్లికో, పురిటికో, పోయినవాళ్లని చూడ్డానికో. వెళ్లిన ప్రతిచోటా వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. ఒక్కసారి ఏ పనీ లేకుండా ఎక్కడికైనా వెళ్లాలనుంది. పున్నమికి బయల్దేరదామా?"

"ఇల్లెవరు చూస్తారు? నేను రాను," అన్నాను. నాకు ప్రయాణాలు పడవు. మంచం మారితే నిద్రపట్టదు. "సరే, నేనే వెళ్తాను," అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఇంతకీ ట్రెయిలరు గ్యారేజీలో పట్టలేదు.

కొలిచాను. కొలవడం నాకు చేతనైన పని. ట్రెయిలరు టోపీతో కలిపి ఆరడుగుల నాలుగంగుళాలు. గ్యారేజీ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. కట్టినప్పుడు అది నిండా ఎనిమిదడుగులుండేది. మరి పైకప్పు కుంగిందా అంటే కుంగలేదు, నేల లేచింది. మా వీధికి రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోసేవారు. రోడ్డు ఎత్తయిన ప్రతిసారీ వానకి నీళ్లు గ్యారేజీలోకి రాకుండా నేనూ లోపల రబ్బీసు పోసి నేల ఎత్తు చేసుకునేవాణ్ణి. ఐదు ఎన్నికలు, ఐదు రోడ్లు, ఐదు రబ్బీసులు. మా వీధిలో ఇరవై ఏళ్ల కిందటి పిల్లలు ఎగిరినా అందని గుమ్మాలు ఇప్పుడు మామూలు మనుషుల నుదుటికి తగులుతున్నాయి.

నేల తవ్వుదామంటే మురుగునీటి విభాగం ఒప్పుకోలేదు. రోడ్డు మట్టం కన్నా దిగువన నేల ఉంటే అది చెరువు కిందకి వస్తుందట. కప్పు లేపుదామంటే అదనపు అంతస్తు అన్నారు. టోపీ కోయిద్దామంటే రిజిస్ట్రేషను పొందిన వాహనం ఆకారం మార్చడం నేరమట. చివరికి టైర్లలో గాలి తీశాం. బ్రహ్మాండంగా లోపలికి వెళ్లింది. ఈ పోటీ కోసమే పెట్టిన ఖాళీ విభాగానికి పర్యవేక్షకుడు పరంజ్యోతి గారు వచ్చి, వంగి టైర్లు చూసి, ఫైలులో రాసుకున్నారు.

"గాలి లేనిది వాహనం కాదండి, తుక్కు," అన్నారు. "తుక్కును నివాసగృహంలో నిల్వచేయరాదు. దీనికి సెక్షను వేరే ఉంది. తమరు పెద్దలు కాబట్టి ఇవాళ్టికి చూడలేదనుకుంటాను. గాలి కొట్టించండి."

గాలి కొట్టించడానికి మళ్లీ బయటకు లాగాం. గడువు ఇంకా రెండ్రోజులుంది. మంగతాయారు వీర్రాజును పిలిపించింది. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు.

"కింద స్ప్రింగు కమాన్లు కొత్తయి కదమ్మా, నిక్కి నిలబడతన్నాయి. ఓ అయిదొందల కేజీలు లోపలెట్టేరంటే రెండున్నర అంగుళాలు దిగిపోద్ది. ఇసక బస్తాలేసేయండి."

ఇసుకా! ఇసుకకి పర్మిట్టు కావాలి. పర్మిట్టుకి ఇల్లు కడుతున్నట్టు ప్లాను చూపించాలి. బియ్యం బస్తాలేద్దామంటే అక్రమ నిల్వ. సిమెంటంటే నిర్మాణ సామగ్రి. నాకు తెలిసిన చట్టాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఏ పర్మిట్టూ అక్కర్లేని బరువు మనిషి ఒక్కడేనని తేలింది.

వీధిలో కాస్త ఒళ్లున్నవాళ్లను ఆరుగుర్ని మంగతాయారు బతిమాలి తీసుకొచ్చింది. పక్కింటి లాయరు గారు, స్వీటుషాపు దంపతులు, ఇంకో ముగ్గురు. ముగ్గురు ఈ బల్ల మీద, ముగ్గురు ఆ బల్ల మీద కూర్చున్నారు. కమాన్లు కిర్రుమన్నాయి. వీర్రాజూ నేనూ తోశాం. టోపీకీ షట్టరు దూలానికీ మధ్య అరంగుళం వెలుగు కనిపించింది. ట్రెయిలరు లోపలికెళ్లింది. వీధంతా చప్పట్లు కొట్టింది. కూర్చున్నవాళ్లకు గారెలు పెట్టాం, అవీ బరువుకు పనికొస్తాయని.

పరంజ్యోతి గారు వచ్చి టైర్లు నొక్కి చూశారు, టోపీ చూశారు. "సక్రమం," అన్నారు. అప్పుడు స్వీటుషాపాయన, "ఇహ దిగొచ్చాండీ? కొట్టు తెరవాలి," అంటూ లేచి ఒక కాలు కిందపెట్టాడు. ఆయన బరువు దిగగానే బండి పైకి లేచింది. టోపీ కప్పును నొక్కింది. స్లాబు పెచ్చు ఒకటి ఊడి పరంజ్యోతి గారి ఫైలు మీద పడింది.

"కూర్చోండి! కూర్చోండి!" అని ఆయన అరిచారు. ఆరుగురూ మళ్లీ కూర్చున్నారు. అప్పుడు అందరికీ ఒక్కసారే విషయం అర్థమైంది. వాళ్లు దిగితే కప్పు పోతుంది. బండితో సహా బయటికొస్తే బండి జప్తవుతుంది. మధ్యలో వాళ్లున్నారు.

లాయరు గారు మూడు గంటలు ఓపిక పట్టి, ఇది అక్రమ నిర్బంధమని లోపల్నుంచే నోటీసు రాసిచ్చారు. దాంతో కమిషనరు గారే స్వయంగా వేంచేశారు. ఆయనకు నడుస్తూ మాట్లాడటం అలవాటు. గ్యారేజీలో నడిచేందుకు చోటు లేక నిలబడ్డచోటే అడుగులేశారు.

"చూడండి విశ్వపతి గారూ," అన్నారు. "దీన్ని సమస్యగా చూడకూడదు. అవకాశంగా చూడాలి. పరిశీలక బృందం వారం రోజుల్లో రాబోతోంది. ఆ సమయంలో ఈ ట్రెయిలరు వీధిలో ఉండరాదు. లోపల ఉండాలంటే భారం కావాలి. భారం ప్రజల మీద వేయడం ప్రజాస్వామ్యంలో భావ్యం కాదు. కావున ఆ భారాన్ని పురపాలక సంఘమే వహిస్తుంది."

నాకు ఒళ్లు పులకరించింది. ఇంత చక్కటి వాక్యం నా సర్వీసులో వినలేదు.

సాయంత్రానికల్లా "బరువు సహాయకులు" అనే పోస్టులు మంజూరయ్యాయి. షిఫ్టుకు ఆరుగురు, రోజుకు మూడు షిఫ్టులు, మొత్తం పద్దెనిమిది మంది. అర్హత పదో తరగతి పాసు, డెబ్బై ఎనిమిది కిలోలకు తగ్గని శరీరం. ఊళ్లో ఎన్నేళ్లుగానో ఒళ్లు తగ్గించుకోమని తిట్లు తింటున్న కుర్రాళ్లంతా మొదటిసారి తలెత్తుకుని దరఖాస్తులు పెట్టుకున్నారు. అమ్మలు నెయ్యి వడ్డించారు. ఎంపిక పురపాలక కార్యాలయం ఆవరణలోని కాటా మీద జరిగింది. ఆ కాటాకు ముద్ర గడువు తీరి నాలుగేళ్లయిందని చెబుదామనుకున్నాను గాని, అడగని సమాచారం ఇవ్వకూడదని ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే గ్యారేజీ ఆఫీసైంది. ట్రెయిలరు తలుపు మీద "బరువు విభాగం, అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అని బోర్డు. లోపల హాజరు పట్టీ, క్యాలెండరు, గోడ గడియారం. మొదటి షిఫ్టుకు పెద్ద, సూర్యభగవాన్ అనే తొంభై రెండు కిలోల నిదానమైన మనిషి. ఎనిమిదింటికి వచ్చి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని కూర్చునేవాడు. కొత్త షిఫ్టులో ఒకడు ఎక్కి కూర్చున్నాకే పాత షిఫ్టులో ఒకడు దిగాలి. అతను కూర్చోకముందే ఇతను దిగితే పెచ్చు ఊడుతుంది. ఈ పనికి వాళ్లు అలవాటు పడి, పెళ్లి భోజనాల్లో బంతి మారినంత సులువుగా చేసేసేవారు.

నియమావళి కూడా వచ్చింది. నెలకోసారి తూకం. తగ్గితే సంజాయిషీ. శనివారాలు ఒంటిపూట భోజనం నిషేధం. ఒకాయన ఉదయాన్నే పార్కులో నడుస్తూ దొరికిపోయాడు. "విధులకు భంగము కలుగునట్లు ఉద్దేశపూర్వకముగా వ్యాయామము చేసినందుకు" అతనికి మెమో ఇచ్చారు. కళ్లనీళ్లు పెట్టుకుని, సుగరుందండీ, డాక్టరు నడవమన్నాడండీ అని మొత్తుకున్నాడు పాపం.

వీళ్లలో తాతబ్బాయి ఒకడు. అతను ఎవరో పెద్దమనిషి ఉత్తరం పట్టుకుని వచ్చినవాడు. ధ్రువపత్రంలో ఎనభై రెండు కిలోలు. నేను ముప్పై నాలుగేళ్లు బరువులు చూసినవాణ్ణి, మనిషిని చూస్తే చెప్పగలను. నలభై రెండు. ఆ తేడా పూడ్చడానికి అతను కూర్చున్నప్పుడల్లా ఆఫీసునుంచి పాత రిజిస్టర్లు నాలుగు కట్టలు తెప్పించి పక్కన పెట్టేవారు. "ఫైళ్లు చూసుకుంటన్నానండి," అనేవాడు గంభీరంగా.

ఇంత సవ్యంగా జరుగుతుంటే పరిశీలక బృందం మాత్రం రాలేదు. వచ్చే వారం అన్నారు, ఆపై వారం అన్నారు. పున్నమి దగ్గరపడింది.

మంగతాయారు కమిషనరు గారికి అర్జీ పెట్టుకుంది. నా ట్రెయిలరును నాలుగు రోజులు బయటకు తీసుకెళ్లనివ్వండి అని. నేనే మంచి అర్జీ భాషలో రాసిచ్చాను. మూడోరోజున జవాబొచ్చింది.

"తమరి అర్జీ పరిశీలించడమైనది. సదరు ట్రెయిలరు ప్రస్తుతము వాహనము కాదు. అది పద్దెనిమిది మంది సిబ్బంది గల కార్యస్థానము. కార్యస్థానమును విహారయాత్రకు అనుమతించు నిబంధన ఏదియు లేనందున అర్జీ తిరస్కరించడమైనది. పరిశీలన అనంతరము దీనిని శాశ్వత కార్యాలయముగా స్వాధీనపరచుకొను ప్రతిపాదన కలదని తెలియజేయడమైనది."

ఆవిడ ఆ కాగితం చదివి మడిచి, నా చేతికిచ్చి, గ్యారేజీ మెట్టు మీద కూర్చుంది. లోపల వాళ్లు ఆవిడ కుట్టిన కర్టెన్లు తీసేసి, వాటితో ఫైళ్లు దుమ్ము పట్టకుండా కప్పారు. ఆవిడ అదే చూస్తోంది. వాళ్లలో ఒకడు, "పిన్నిగారూ, కాస్త కాఫీ ఏవన్నా..." అన్నాడు. లేచి వెళ్లి ఆరు కప్పుల కాఫీ తెచ్చిచ్చింది. తన సొంత బండి దగ్గర కూడా ఆవిడ మళ్లీ వంటింట్లోనే ఉంది.

నాకు సిగ్గేసింది. ఉత్తర్వుల మీద గౌరవం పోలేదు గాని, వీధి వసారాలో కూర్చుని నియమావళి తీశాను. బాధ కలిగినప్పుడు కొందరు పాటలు వింటారు. నేను నిబంధనలు చదువుతాను. మొదటినుంచి చివరి దాకా చదివాను. మళ్లీ చదివాను. పదకొండో నిబంధన దగ్గర ఆగిపోయాను.

"మంగా, ఇలా రా," అన్నాను. "విను. 'బరువు సహాయకులు విధినిర్వహణ సమయమున ఎట్టి పరిస్థితులలోను ట్రెయిలరు దిగరాదు.'"

"అయితే?"

"వాళ్లు దిగకూడదంది. ట్రెయిలరు కదలకూడదని ఎక్కడా అనలేదు. పైగా అసలు ఉత్తర్వు ప్రయాణంలో లేని వాహనాలకే. ప్రయాణంలో ఉన్నదాన్ని ఎవరూ జప్తు చేయలేరు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. పెళ్లయిన కొత్తలో చూసినట్టుంది. మళ్లీ చూస్తుందని అనుకోలేదు.

మర్నాడు సోమవారం. ఎనిమిదిన్నరకి ఆవిడ లాయరు గారి గ్యారేజీలో దాచుకున్న మా కారు తెచ్చి, వెనక్కి నడిపి, ట్రెయిలరు ముక్కుకు కొక్కెం తగిలించింది. లోపల మొదటి షిఫ్టు ఆరుగురూ అప్పుడే సంతకాలు పెట్టి ఉన్నారు.

"ఏం జరుగుతాందండీ?" అన్నాడు సూర్యభగవాన్ కిటికీలోంచి.

"మీ పని మీరు చేసుకోండి బాబూ," అన్నాను. "పదకొండో నిబంధన గుర్తుందిగా?"

"దిగకూడదండి."

"దిగొద్దు."

కారు కదిలింది. ట్రెయిలరు అడుగు జరిగింది. టోపీ షట్టరు దూలానికి తగిలి కీచుమని ఆగిపోయింది. నేను లోపలికి తొంగి చూశాను. తాతబ్బాయి పక్కన రిజిస్టర్ల కట్టలు లేవు. "ఇవాళ పదింటికి బృందం వస్తాందంటండి. చూపించాలని అన్నీ ఆపీసుకట్టుకెళ్లిపోయారండి," అన్నాడు బెంగగా.

బృందం ఇవాళే వస్తోంది! పది దాటితే బండి ఇక ఎప్పటికీ మాది కాదు. తక్కువ పడింది నలభై కిలోలు. వీధి అటూ ఇటూ చూశాను. ఖాళీ. మా కమిషనరు గారి కృషి ఫలించి, సాయానికి పిలుద్దామంటే ఒక్క పురుగు లేదు. మంగతాయారు కారు కిటికీలోంచి తల బయటపెట్టి నా వైపే చూస్తోంది. రమ్మని అనలేదు.

నా బరువు ఎనభై నాలుగు కిలోలు. ముద్ర ఉన్న కాటా మీద తూచిందే.

తలుపు తీశాను. "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అన్న బోర్డు ముందు ఒక్క క్షణం ఆగాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను దాటిన మొదటి బోర్డు అది. సూర్యభగవాన్‌కీ తాతబ్బాయికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. కమాన్లు మూలిగాయి. వెలుగు అంగుళం కనిపించింది. బండి గ్యారేజీలోంచి ఎండలోకి వచ్చేసింది.

ముప్పై ఆరేళ్ల కాపురంలో నా బరువు ఆవిడకు ఎన్నోసార్లు అడ్డుపడింది. ఉపయోగపడింది ఆ రోజే.

వీధి మలుపు దగ్గర కిటికీలోంచి అరిచాను. "ఇక ఆపు, నేను దిగిపోతాను. ఇంటికి తాళం కూడా వెయ్యలేదు!"

"దిగితే బండి లేస్తుందండీ," అని ఆవిడ ముందునుంచి అరిచింది.

"రోడ్డు మీద లేస్తే ఏమైంది?"

ఆవిడ గేరు మార్చింది. అదే జవాబు.

ఊరు దాటాక సూర్యభగవాన్ ఫోను మోగింది. పరంజ్యోతి గారు. "ఎక్కడున్నారయ్యా?" అన్న కేక మా ఏడుగురికీ వినబడింది. "డ్యూటీలోనే ఉన్నామండి," అన్నాడు సూర్యభగవాన్ నెమ్మదిగా. "ఆరుగురం ట్రెయిలర్లోనే ఉన్నామండి. ఒక్కరం కూడా దిగలేదండి." నిజాయితీపరుడు. ఒక్క అబద్ధం ఆడలేదు.

రంపచోడవరం దాటాక అడవి మొదలైంది. ఇరుకుగా కూర్చున్న ఏడుగురమూ కిటికీలకు మొహాలు ఆనించాం. తాతబ్బాయి ఎప్పుడూ కొండ చూడలేదట, "అబ్బో, అబ్బో" అంటూనే ఉన్నాడు. సుగరున్నాయన జేబులోంచి జంతికలు తీసి అందరికీ పంచాడు. మూడున్నరకి మారేడుమిల్లి దాటి, ఒక వాగు పక్కన మంగతాయారు బండి ఆపింది. నాలుగింటికి షిఫ్టు అయిపోయేదాకా ఎవరూ దిగలేదు. నాలుగయ్యాక, తర్వాతి షిఫ్టు వాళ్లు రాలేదు కాబట్టి దిగొచ్చా లేదా అని పది నిమిషాలు చర్చ జరిగింది. చివరికి దిగారు. ఒక్కొక్కరు దిగుతుంటే బండి ఒక్కో పిసరు లేచింది. ఈసారి పెచ్చులు రాల్లేదు, పైన ఆకాశమే ఉంది.

వాళ్లు వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. మంగతాయారు పొయ్యి దగ్గరకు పోబోతే, "మీరు కూకోండి పిన్నిగారూ, కాఫీ మేం పెడతాం," అని సూర్యభగవాన్ ఆపేశాడు. ఆవిడ ఒక రాయి మీద కూర్చుని, చేతుల్లో ఏమీ లేకుండా, కొండలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను అంతకు ముందు చూసినట్టు గుర్తులేదు.

నేను మాత్రం గోడౌనులో దొంగకాటా పట్టుబడ్డ వర్తకుడిలా కూర్చున్నాను. అనుకున్నంతా అయింది. అయిదింటికి సూర్యభగవాన్ ఫోనుకు కమిషనరు గారి ఉత్తర్వు వచ్చింది. అతను లేచి నిలబడి, అందరికీ వినబడేలా చదివాడు.

"పరిశీలక బృందము ఈ దినము మన పట్టణమును సందర్శించి, శ్రీ చెరుకువాడ విశ్వపతి గారి గ్యారేజీ సైతము ఖాళీగా నుండుట చూసి మిక్కిలి సంతసించి, రాయవరపుకోటకు ప్రథమ ర్యాంకు ప్రకటించినది. వీధులు మాత్రమే గాక గ్యారేజీలు కూడ ఖాళీగా గల ఏకైక పట్టణముగా మనము గుర్తింపు పొందితిమి. కావున ఇకపై పట్టణములోని గ్యారేజీలన్నియు ఖాళీగా ఉంచవలెను. విశ్వపతి గారి ట్రెయిలరు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పట్టణ పరిధిలోనికి ప్రవేశించరాదు. సదరు సిబ్బంది అందులోనే విధులు యథాతథముగా కొనసాగించవలెను."

సిబ్బంది ఈలలు వేశారు. తాతబ్బాయి వాగులో దూకాడు.

"అంటే ఏంటండీ?" అంది మంగతాయారు.

"అంటే మనం ఇంటికి వెళ్లకూడదు."

"ఎన్నాళ్లు?"

"తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా."

"మీ శాఖలో తదుపరి ఉత్తర్వులు ఎన్నాళ్లకొచ్చేవండీ?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "నా సర్వీసులో ఒక్కసారీ రాలేదే," అన్నాను.

మంగతాయారు పకపకా నవ్వింది. నవ్వుతూనే రాయి మీద కాస్త పక్కకు జరిగి, నాకు చోటిచ్చింది. వెళ్లి కూర్చున్నాను. ఉత్తర్వు వచ్చాక కాదనే అలవాటు నాకు లేదు.